బ్యాటరీల మీద జరీ దండ

మబ్బులో మెరుపును పెట్టినవాడికి, మట్టిలో సీసాన్ని దాచినవాడికి, ఆ రెంటినీ ఒక చిన్న డబ్బాలో కలిపి పదిమందికి వెలుగివ్వగల తెలివిని మనిషికి ఇచ్చిన అల్లాహ్‌కు ముందుగా స్తోత్రం. ఇన్నేళ్లు నా పది వేళ్లనూ నా చేతులకే ఉంచినందుకు మరొక్కసారి స్తోత్రం. మా పనిలో అది చిన్న వరం కాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా యూపీఎస్‌లు, బ్యాటరీలు బిగించాను. ఇల్లు పురానాపూల్ దగ్గర. చిన్నతనంలో మదర్సాలో చదువుకుని, తర్వాత ఐటీఐలో చేరాను. పగలు బ్యాటరీలు, సాయంత్రపు అస్ర్ నమాజు అయ్యాక మా మసీదులో పిల్లలకు దివ్యగ్రంథం చెప్పడం, ఇలా నా రోజు గడిచేది. అందుకే కంపెనీలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, మౌల్వీ సాబ్ అన్నవాళ్లు ఎక్కువ. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, బ్యాటరీ పనిలో అన్నిటికంటే దేనికి భయపడాలని అడుగుతుంటారు. యాసిడ్ అంటానని, కరెంటు అంటానని ఎదురుచూస్తారు. నేను వాళ్లకు ఛత్రినాక నర్సింగ్ హోంలో జరిగిన సంగతి చెబుతాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం తెలియాలి. సీల్డ్ బ్యాటరీ చూడడానికి చాలా సాధువు. నీళ్లు పోయక్కర్లేదు, మామూలుగా యాసిడ్ ఒలకదు, వాసన రాదు. కానీ దానికి స్విచ్ ఉండదు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది మొదలు అది మేలుకునే ఉంటుంది. పైనున్న రెండు కొసల మధ్య ఏ లోహపు ముక్క పడినా తనలో ఉన్నదంతా ఒక్కసారిగా దాని మీద కుమ్మరిస్తుంది. ఛార్జింగ్ ఎక్కువైతే మండే గాలిని చిన్న వాల్వు గుండా వదులుతుంది. అందుకే దాన్ని పెట్టిన గదికి కిటికీ ఉండాలి. ఇంతకంటే చదువు ఈ కథకు అక్కర్లేదు.

ఆ నర్సింగ్ హోం ఛత్రినాకలో ఒక ఇరుకు గల్లీలో, మూడంతస్తుల పాత ఇంట్లో ఉండేది. నడిపేది ఒక డాక్టరమ్మ. డాక్టరమ్మను నడిపేది ఆమె అత్తగారు. డెబ్బై దాటిన ఆ పెద్దమ్మ వెయిటింగ్ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి గర్భిణినీ ఏం తిన్నావని అడిగేది. మందుల కంటే ఆమె తిట్లకే సగం మంది కోలుకుంటారని నర్సులు చెప్పుకునేవారు.

వాళ్ల జనరేటర్ చెడిపోయి బాగుకు వెళ్లింది. ఆదివారం బోనాలు. ఆ గల్లీలో వెదురు, రంగు కాగితాలతో కట్టిన ఎత్తైన తొట్టెలు ఊరేగి వచ్చేటప్పుడు అవి తీగలకు తగలకుండా లైన్‌మెన్ కాసేపు కరెంటు తీసేస్తారు. ఆ కాసేపు ఎంతసేపో అమ్మవారికి, లైన్‌మెన్‌కు తప్ప తెలియదు. పై అంతస్తులో శుక్రవారం పుట్టిన ఒక ఆడపిల్ల ఉంది. ఆటో నడిపే ఒకాయన బిడ్డ. నెలలు నిండకుండా పుట్టి, బరువు తక్కువై, ఒంటికి వేడినిచ్చే వార్మర్ కింద పడుకుంది. ఎలాగైనా శనివారానికి పదహారు బ్యాటరీలూ బిగించి యూపీఎస్ ఇవ్వమని డాక్టరమ్మ మమ్మల్ని అడిగింది. సరేనన్నాం.

శనివారం కాలేదు. బ్యాటరీలు కార్వాన్‌లోని మా గోదాములో దిగాయి. నేనూ నా జోడీదారూ వెళ్లి చూసేసరికి స్టోర్‌కీపర్ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, సరిగ్గా ఎండ పడే కిటికీ పక్కన పెట్టి, పైన తన టిఫిన్ డబ్బా ఆరబెట్టుకున్నాడు. స్టీలు డబ్బా. నా జోడీదారు సంగతి ఇక్కడ చెప్పాలి. నాకంటే మూడేళ్లు పెద్ద, అమ్మవారి భక్తుడు, మనిషి ఒంటిచేత్తో బ్యాటరీ ఎత్తేవాడు, మాట కూడా అంతే బరువు. ఆ డబ్బాను రెండు వేళ్లతో పైకి తీసి, స్టోర్‌కీపర్‌ను అది నీ డబ్బానా, నీ ఆఖరి కోరికనా అని అడిగాడు. తర్వాత పదహారింటినీ నీడకు దించి, చెక్క పలకల మీద నిలువుగా, విడివిడిగా పెట్టాం. ఒక్కొక్కదాన్నీ మీటరుతో చూసి, నీరసంగా ఉన్న నాలుగింటికి ఛార్జింగ్ పెట్టాం. అన్నీ ఒకే బలంతో ఉండాలి, లేకపోతే బలహీనమైనది మిగతావాటిని కూడా లాగేస్తుంది. ఆ పని శనివారాన్ని మింగేసింది. ఆదివారం పొద్దున్నే బిగిస్తామని డాక్టరమ్మకు ఫోను చేశాను.

పొద్దున వెళ్లేసరికి గల్లీ అంతా వేపాకు తోరణాలు. ట్రాలీ ఆటో లోపలికి రాలేకపోయింది. మలుపు దగ్గర నుంచి మోసుకుంటూ వెళ్లాం. లెక్క తప్పకుండా నేను ఒక్కో బ్యాటరీకి ఒక్కోసారి అల్లాహ్ నామం తలుచుకున్నాను, అతను ఒక్కో దేవతను తలుచుకున్నాడు. చివరికి నా లెక్కకు పదహారు, అతని లెక్కకు పదిహేడు వచ్చాయి. వెనక్కి వెళ్లి చూస్తే ఆటో ఖాళీ. మా దగ్గర దేవతలు ఎక్కువ భాయ్, నేనేం జేయాలె అన్నాడు.

మా ఇద్దరికీ ఒక అలవాటు ఉండేది, మాకు పని నేర్పిన ఉస్తాద్ పెట్టింది. బ్యాటరీ ముట్టేముందు నేను వెండి ఉంగరం, గడియారం తీసేవాణ్ణి. అతను మెడలో గొలుసు, చేతి రాగి కడియం తీసేవాడు. అన్నీ కలిపి ఒక గుడ్డ సంచీలో వేసి తలుపు బయట వేలాడదీసేవాళ్లం. మా పానాలకు కొస దాకా టేపు చుట్టి ఉండేది. పానా జారి పడ్డా రెండు కొసలను కలపకూడదని.

మెట్ల కింద చిన్న గది. కిటికీ మూసి మేకులు కొట్టి ఉంటే విప్పించి తెరిపించాను. స్టాండు మీద రెండు అరల్లో ఎనిమిదేసి బ్యాటరీలు, మధ్యలో వేలు పట్టేంత సందు. ఒకదానికొకటి తీగలతో కలుపుతూ పోయి, చివరి తీగ మాత్రం బిగించకుండా ఉంచి, మొత్తం మీటరుతో చూసి, అప్పుడు అదీ బిగించాం. యూపీఎస్ ఆన్ చేశాను. పచ్చ దీపం వెలిగింది. ఇక మిగిలింది బ్యాటరీ కొసలకు ప్లాస్టిక్ టోపీలు తొడగడం. ముప్పై రెండు టోపీలు నా సంచీలోనే ఉన్నాయి. చెయ్యి సంచీలో పెట్టాను కూడా.

అప్పుడే పెద్దమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, దీపం, బేగంబజార్ నుంచి తెప్పించిన పెద్ద జరీ దండ. మంచి ఘడియ దాటిపోతుందని, పూజ అయ్యేదాకా పక్కకు జరగమని అంది. జరిగాం.

ఆమె దీపాన్ని కింది అర ముందు పెట్టబోయింది. నా జోడీదారు అందుకుని, ఇక్కడ గాలికి ఆరిపోతుందమ్మా అంటూ గడప బయట పెట్టించాడు. కొబ్బరికాయ స్టాండుకే కొట్టబోతే, గడప మీద కొడితే ఇంటికి మంచిదని తీసుకెళ్లాడు. రెండుసార్లూ ఎంత నున్నగా అబద్ధమాడాడో చూసి నేను మెచ్చుకున్నాను. తర్వాత ఆమె దండ తీసింది. స్టాండు పైకొయ్యకు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ముడి వేసింది. దండ పై అర మీద ఉయ్యాలలా వేలాడింది.

అది పూల దండ కాదు. సన్నని తీగ మీద అల్లిన జరీ. బ్యాటరీ కొసలకు జానెడు ఎత్తులో తళతళా మెరుస్తోంది. నేను చూశాను. బాగా చూశాను. నోరు తెరిచాను, మూశాను.

ఎందుకు మూశానో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ రోజు అనుకున్నది ఇది. బోనాల పూట, వాళ్ల ఇంట్లో, వాళ్ల పూజ. గడ్డం, టోపీ ఉన్న మనిషి లేచి దండ తీయమంటే ఏమనుకుంటారు? పరాయి ధర్మాన్ని నొప్పించవద్దని పిల్లలకు చెప్పేవాణ్ణి కదా, ఇప్పుడు ఊరుకోవడమే మర్యాద అనుకున్నాను. జోడీదారు వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. అప్పటికే రెండుసార్లు అడ్డుపడ్డాడు, మూడోసారి పెద్దమ్మ ఊరుకోదని అతని లెక్క. నేను చెబుతానని అతను, అతను చెబుతాడని నేను.

ఆమె వెళ్తూ, సాయంత్రం దాకా దండ తీయొద్దని, దీపం కొండెక్కేదాకా బ్యాటరీలను ముట్టొద్దని చెప్పింది. నేను తల ఊపాను. టోపీలు సంచీలోనే ఉండిపోయాయి.

మేం వరండాలో చాయ్ తాగుతుంటే డాక్టరమ్మ వచ్చి, కరెంటు పోతే వార్మర్ ఎంతసేపు నడుస్తుందని అడిగింది. గంటన్నర ఫికర్ లేదు మేడం అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

పదకొండున్నరకు డప్పులు దగ్గరపడ్డాయి. లైన్‌మన్ స్తంభం దగ్గర ఏదో చేశాడు, గల్లీలో కరెంటు పోయింది. పైన వార్మర్ ఆగలేదు. నా జోడీదారు తన బిడ్డకు ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు నా భుజం తట్టాడు. పావుగంట బాగానే నడిచింది. అంతలో వానగాలి లేచింది. ఆషాఢంలో లేవక ఎప్పుడు లేస్తుంది. నేను పట్టుబట్టి తెరిపించిన కిటికీలోంచే లోపలికి వచ్చింది. ఒక ముడి జారింది. దండ పై అర మీద పడింది.

నీలంగా ఒక వెలుగు, ఒక్క దెబ్బ. డప్పుల మోతలో బయట ఎవరికీ వినబడలేదు. గది నిండా పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. తలుపు పక్కనే ఉన్న పెద్ద స్విచ్ లాగి యూపీఎస్ నుంచి బ్యాటరీలను వేరు చేశాను. పైనుంచి నర్సు, వార్మర్ ఆగిపోయిందని కేక వేసింది.

డాక్టరమ్మ గొంతు మెట్ల మీదుగా వినిపిస్తూనే ఉంది. పాపను తల్లి రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టమంది, తలకు టోపీ వేసి, పైన రెండు దుప్పట్లు కప్పమంది. ఆమె గొంతులో తొందర లేదు. తొందరంతా నాదే, చేతొడుగులు కూడా లేకుండా పానా తీసుకుని లోపలికి వెళ్లబోయాను. నా జోడీదారు నా చేతిలోని పానా పట్టుకున్నాడు.

"ఆగు భాయ్. గీ చేతులతోటి పెడితే ఇంకోటి పేలుతది. నీ దుఆ ఏదో చదువుకో, గప్పుడు ముట్టు."

చదువుకున్నాను. రబ్బరు చేతొడుగులు, కళ్లద్దాలు పెట్టుకున్నాం. దండ దాదాపు ఆవిరైపోయింది, చివర్లు మాత్రం నల్లగా మాడి వేలాడుతున్నాయి. వాటిని ఎండు కర్రతో తీశాం. ఒక బ్యాటరీ కొస అంచు కరిగి గుంటపడింది, ఒక తీగ తొడుగు కరిగిపోయింది. డబ్బాలు పగల్లేదు, ఉబ్బలేదు, కారలేదు. పొగ పోయాక ఒక్కొక్కదాన్నీ మీటరుతో చూశాను. అన్నీ బతికే ఉన్నాయి. కాలిన తీగ విప్పి, సంచీలో ఉన్న కొత్త తీగ బిగించాం. ఆ తర్వాత టోపీలు. ముప్పై రెండూ. ఒక్కోటి తొడిగేటప్పుడు, దీనికి పట్టేది రెండు క్షణాలే కదా అనుకున్నాను.

మళ్లీ స్విచ్ వేసేసరికి ఇరవై నిమిషాలు అయిందని నా జోడీదారు అన్నాడు. వార్మర్ మళ్లీ నడుస్తోందని నర్సు పైనుంచి కేక వేసింది. కాసేపటికి డాక్టరమ్మ దిగి వచ్చి, పాప ఒళ్లు వెచ్చగానే ఉందని చెప్పింది. యంత్రం మళ్లీ నడుస్తున్నా ఇంకో గంట తల్లి మీదే ఉంచుతానంది. మా పదహారు బ్యాటరీలూ మూడు గుప్పిళ్లు లేని ఆ పిల్ల ముందు అలా పనిలేకుండా నిలబడ్డాయి.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఏమైందని డాక్టరమ్మ అడిగింది. హాల్లో పెద్దమ్మ ఉంది, నర్సులు ఉన్నారు, పాప తండ్రి ఉన్నాడు. నా జోడీదారు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎలుక అని చెప్పు భాయ్. పాత బస్తీల ఎలుకకు ఎవ్వరూ సాక్ష్యం అడగరు. ముసలమ్మ పరువు కూడ దక్కుతది."

మంచి సలహా. అబద్ధమైనా అందులో దయ ఉంది. నేను కూడా ఒక్క నిమిషం ఆ ఎలుకను మనసులో పెంచాను. కానీ ఆ బ్యాటరీలను ఆ ఇంటివాళ్లు నా మీద భరోసాతో వదిలేశారు. అమానత్ గురించి, అంటే నమ్మి అప్పగించినదాన్ని కాపాడడం గురించి, ప్రతి సాయంత్రం పిల్లలకు చెప్పే నోటితో ఎలుక అనడానికి నాలుక రాలేదు. తప్పు నాదేనని, టోపీలు తొడగకుండా యూపీఎస్ నడిపించానని, దండ గాలికి జారి కొసల మీద పడిందని చెప్పాను. దండ ఎవరు కట్టారో చెప్పలేదు.

చెప్పనక్కర్లేకపోయింది. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నా ముందుకు వచ్చింది.

"దండ నేనే గదా బిడ్డా కట్టింది. నేను కట్టేటప్పుడు నువ్వు ఆణ్నే ఉన్నవ్. చూసినవా లేదా?"

"చూసినమ్మా."

"మరెందుకు చెప్పలే?"

"మీ పూజ గదమ్మా. నేను అడ్డం వస్తే బాగుండదని."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. అందరినీ తిట్టే మనిషి ఆ రోజు గొంతు పెంచలేదు.

"పూజ నాదే. బ్యాటరీ నీది గాదా? దాని సంగతి నాకేమెర్క? నువ్వు చెప్తే నేను దండ గుమ్మానికి కట్టకపోదునా? నన్ను అంత తెలివిలేనిదాన్ని అనుకున్నవా?"

మర్యాద అనుకుని నేను చేసిన పని నిజానికి ఆమెను చిన్నచూపు చూడడమే. చెబితే కోప్పడుతుందని, వినదని, నన్ను నా గడ్డం చూసి కొలుస్తుందని నేనే ముందుగా నిర్ణయించేశాను. ఆమె ఏమీ నిర్ణయించలేదు. ఆమెకు నేను బ్యాటరీలు తెలిసిన మనిషిని, అంతే.

పాప తండ్రి మధ్యలో వచ్చాడు. అతను నన్ను కొట్టినా నేను మాట్లాడే స్థితిలో లేను. బిడ్డ మంచిగుంది గదా మేడం అని డాక్టరమ్మను అడిగి, బాగుందని ఆమె మళ్లీ చెప్పాక, నా వైపు తిరిగి, సాయంత్రం దాకా ఈడికెళ్లి కదలకు భాయ్ అన్నాడు. కదల్లేదు. ఆ రోజు నమాజులు కూడా ఆ గది ముందు వరండాలోనే చేశాను. పెద్దమ్మే చాప వేయించింది.

సాయంత్రం పురానాపూల్ దాకా ఇద్దరం నడిచే వచ్చాం. దారిలో అతను, మీ మసీదులో ఎవరన్నా ఇట్లాంటి దండ కట్టి ఉంటే చెప్పేవాడివా అని అడిగాడు. వెంటనే చెప్పేవాణ్ణని అన్నాను. మా గుళ్లో అయితే నేను చెప్పేవాణ్ణి అన్నాడు. "గీడ మాత్రం ఇద్దరం మస్తు మర్యాదస్తులమైనం భాయ్" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది.

మర్నాడు కొస కరిగిన బ్యాటరీనీ, దాని పక్కదాన్నీ తీసి కొత్తవి పెట్టాం. జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాసి ఇచ్చాను. మేనేజరు ఒక గంట తిట్టాడు, న్యాయంగానే తిట్టాడు. ఆ నర్సింగ్ హోం మాత్రం మమ్మల్ని వదల్లేదు. వదలనిది పెద్దమ్మ. ఆ తర్వాత మూడు నెలలకోసారి చెకింగ్‌కు వెళ్లినప్పుడల్లా ఆమె ఆ గది ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది. లోపలికి పోయేవాళ్ల గాజులు, గడియారాలు, ఉంగరాలు తీయించేది. ఒకసారి మా మేనేజరే చూడడానికి వస్తే ఆయన బెల్టు బకిల్ దాకా వెళ్లింది. దాన్ని తీయించేంతలో డాక్టరమ్మ వచ్చి ఆయన్ని కాపాడింది.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలారా, పానాకు టేపు చుట్టడం మీకు మీ ఉస్తాద్ నేర్పుతాడు. కిటికీ తెరవడం, బ్యాటరీని నిలువుగా మోయడం, టోపీ తొడగకుండా గది వదలకపోవడం, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎదుటి మనిషి పెద్దవాడైనా, పరాయివాడైనా, పూజలో ఉన్నా, నమాజులో ఉన్నా, ప్రమాదం కనబడితే మెల్లగా, గౌరవంగా, కానీ అప్పటికప్పుడే చెప్పడం మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. అది నాకు బోనాల పూట ఒక పెద్దమ్మ నేర్పింది. ఆమె ఇప్పుడు లేదు. ఆమె నేర్పిన పాఠానికి నేను చెల్లించగలిగింది ఈ రాతా, నా దుఆ.

మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా ఈ కాసేపు నాతో కలిసి వేడుకోండి. ప్రభూ, తెలిసిన మంచిని మా గొంతులోనే ఆపేసే పిరికితనం నుంచి మమ్మల్ని కాపాడు. మేం పరాయివాళ్లనుకున్న మనుషుల మంచి బుద్ధి మీద మాకు నమ్మకం ఇవ్వు. ఈ పొద్దు తీగల మీద, స్తంభాల మీద, బ్యాటరీ గదుల్లో పని చేస్తున్న ప్రతి చేతినీ సాయంత్రానికి చెక్కుచెదరకుండా వాళ్ల ఇంటికి చేర్చు. నెలలు నిండకుండా వచ్చిన ప్రతి పసిబిడ్డకూ ఒక వెచ్చని చోటు చూపించు. ఆమీన్ అనండి.